తోసినంత మాత్రాన నేరమా?

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. న్యాయశాఖలో 34 సంవత్సరాలు కట్టలు మోసిన నాకు తెలిసిన చరిత్ర సెక్షన్ల చరిత్ర ఒక్కటే. కాబట్టి దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు ఉంటున్న సభ్యులు నన్ను తరచుగా అడిగే ప్రశ్ననే వ్యాసంగా చేస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఒక కుర్రాడు కావాలనే భుజంతో నెట్టాడు. అపార్టుమెంటు మీటింగులో ఒక పెద్దమనిషి వేలుతో రొమ్ము మీద పొడిచి మాట్లాడాడు. స్కూటరు పెట్టుకునే చోటు గురించి తగాదా వచ్చి ఒకాయన చొక్కా పట్టుకున్నాడు. రక్తం రాలేదు, వాపు లేదు, ఆస్పత్రి చీటీ లేదు. ఇది కేసవుతుందా? అసలు కావాలా?

అవుతుందా అంటే అవుతుంది. కావాలా అన్నదానికే ఈ వ్యాసం.

మన భాషలో ఈ విషయానికి మంచి మాటలున్నాయి. "చేయి చేసుకున్నాడు" అంటే తాకాడని, కొట్టాడని అర్థం. "మీదమీదికి వచ్చాడు" అంటే ఇంకా తాకలేదు గాని, తాకుతాడేమోనన్న భయం పుట్టించాడని అర్థం. చట్టం కూడా సరిగ్గా ఇలాగే రెండుగా విడగొట్టింది. మొదటిదాన్ని ఆపరాధిక బలప్రయోగం అంటారు, రెండోదాన్ని దౌర్జన్యం అంటారు. రెండింటికీ శిక్ష ఒకటే. దౌర్జన్యం అనగానే మనకు కర్రలు, కత్తులు గుర్తుకు వస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం పిడికిలి బిగించి ఎదుటివాడి ముఖం ముందు ఆడించినా దౌర్జన్యమే. ఇది నా సొంత ఉదాహరణ కాదు, శిక్షాస్మృతిలోనే ఉంది.

ఈ ఆలోచన ఇంగ్లీషువాళ్లతోనే వచ్చిందనుకుంటే పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడో అధికరణంలో దండపారుష్యం అనే ప్రకరణం ఉంది. తాకడం, చేయి ఎత్తడం, కొట్టడం అని దాన్ని మూడుగా విభజించారు. ఇక ధరల పట్టిక చూడండి. సమానులైన ఇద్దరిలో ఒకరు మరొకరిని నాభికి దిగువన చేతితోగాని, బురద, బూడిద, దుమ్ముతోగాని తాకిస్తే 3 పణాల జరిమానా. కాలితోనో ఉమ్మితోనో అయితే 6 పణాలు. వాంతి, మలమూత్రాలవంటి వాటితో అయితే 12 పణాలు. నాభికి పైన అయితే రెట్టింపు, తల మీద అయితే నాలుగింతలు. గాయమెంత అన్న ప్రశ్న ఇక్కడ లేదు. బూడిద చల్లితే గాయమేముంటుంది? పోయేది పరువు. ఆ పరువుకే కొలత వేశారు. ఈ దండపారుష్యం తరువాతి స్మృతులలోనూ కొనసాగింది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను తిక్కన కాలంవాడైన మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు పద్యాలలో పెట్టాడు. అంటే 13వ శతాబ్దంలోనే తెలుగు చదువరికి వ్యవహార ధర్మం తన భాషలో అందింది.

అయితే ఆ పట్టికలో ఒక పెద్ద దోషం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పై లెక్కంతా సమానుల మధ్య మాత్రమే. తనకంటే ఎక్కువవాడిని తాకితే జరిమానా రెట్టింపు, తక్కువవాడిని తాకితే సగం. ఒకే స్పర్శకు మనిషినిబట్టి మూడు ధరలు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ మన జిల్లాలలోనే దీనితో పని పడుతుంది.

ఇంగ్లండులో కోర్టులు ఈ సంగతిని వేరే దారిలో తేల్చుకున్నాయి. 1669లో టర్బర్‌విల్, సావేజ్ అనే ఇద్దరి వ్యాజ్యం నడిచింది. ఒకడు కత్తి పిడి మీద చేయి వేసి, జడ్జీలు ఊళ్లో విడిది చేసి ఉన్నారు గనుక ఊరుకుంటున్నాను గాని లేకుంటే నీ సంగతి చూసేవాడినని అన్నాడు. కొట్టనని తన నోటితోనే చెప్పాడు కాబట్టి అది దౌర్జన్యం కాదని తేల్చారు. 1704లో హోల్ట్ అనే ప్రధాన న్యాయమూర్తి మరో వ్యాజ్యంలో చెప్పిన సంగతి మనకు ఇంకా దగ్గరది. కోపంతో రవ్వంత తాకినా నేరమే. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు దురుద్దేశం లేకుండా మెల్లగా రాసుకుని వెళితే ఏమీ కాదు. అదే సందులో ఒకడు మొరటుగా తోసుకుంటూ వెళితే నేరం. సందు అదే, భుజాలు అవే, తేడా అంతా మనసులోనే ఉంది.

ఇప్పుడు మెకాలే దగ్గరకు వద్దాం. ఆయన చదువుల విధానం మీద మనకు ఎన్ని అభ్యంతరాలున్నా, శిక్షాస్మృతి ముసాయిదా మాత్రం గొప్ప పనితనమని కోర్టు గుమాస్తాగా ఒప్పుకోక తప్పదు. 1834లో ఏర్పడిన లా కమిషనుకు ఆయన అధ్యక్షుడు. ముసాయిదా 1837లో పూర్తయింది. అది చట్టమయ్యేసరికి 1860 అక్టోబరు వచ్చింది, అమలు 1862 జనవరి 1 నుండి. అప్పటికి మెకాలే చనిపోయాడు కూడా.

ముసాయిదా రాసేటప్పుడు కమిషనుకు ఒక చిక్కు ఎదురైంది. ఎదుటివారి సమ్మతి లేకుండా, వారికి హాని, భయం లేదా చికాకు కలిగించాలని కావాలని బలం ప్రయోగిస్తే నేరం అని నిర్వచనం. దీన్ని మాట మాటగా పట్టుకుంటే లోకంలో ఎవరూ బయట మిగలరు. కమిషనువారే తమ వివరణలో ఉదాహరణలు ఇచ్చుకున్నారు. పక్కవాడి సిరాలో కలం ముంచితే దొంగతనం. పక్కవాడి ఉత్తరాలు అంటించే బిళ్ల ఒకటి చిదిమితే ఆస్తినష్టం. గుర్రం మీద పోతూ దారినపోయేవాడి మీద దుమ్ము రేపితే దౌర్జన్యం. బండి ఎక్కుతూ పక్కవాణ్ణి ఒత్తితే దేహబాధ. వీటిని నిర్వచనం నుండి తప్పించేలా భాషను బిగించడం సాధ్యం కాదని, అందుకు వేరే జల్లెడ కావాలని వారు తేల్చారు. ఆ జల్లెడే 95వ సెక్షన్. మామూలు ఇంగితం, మామూలు ఓర్పు ఉన్న మనిషి ఎవరూ ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరం కాదు. కౌటిల్యుడు దుమ్ముకు 3 పణాలు కట్టాడు, మెకాలే అదే దుమ్మును వదిలేశాడు. అయితే కౌటిల్యుడు చెప్పింది ఒకడి మీద కావాలని కొట్టిన దుమ్ము, మెకాలే చెప్పింది దారిన పోతుంటే లేచిన దుమ్ము. ఇద్దరూ బహుశా ఒకే మాట చెప్పారు.

బండి ఎక్కుతూ ఒత్తుకోవడం అన్న ఉదాహరణ చదివినప్పుడల్లా నాకు సాయంత్రం ఆరు గంటల దిల్‌సుఖ్‌నగర్ కళ్లముందు మెదులుతుంది. ఆయన చూసింది కలకత్తా గుర్రపు బగ్గీలను. మనం చూసింది ఫుట్‌బోర్డు మీద వేలాడే జనాన్ని. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో వచ్చాక కూడా ఒత్తుకోవడం ఏమీ తగ్గలేదు. ఆ ఒత్తిడిని ఎవరూ స్టేషనుకు తీసుకువెళ్లరు. ఆ గుంపును అదనుగా చేసుకుని చేయి ఎక్కడో వేసేవాడిని మాత్రం తీసుకువెళ్లాలి. 2014 అక్టోబరులో హైదరాబాదులో షీ టీములు పెట్టింది అటువంటివారి కోసమే.

శిక్షాస్మృతి మన ప్రాంతానికి ఆలస్యంగా వచ్చింది. నిజాం రాజ్యానికి తన సొంత ఆసఫియా శిక్షాస్మృతి ఉండేది. పోలీసు చర్య జరిగిన రెండున్నరేళ్లకు, 1951 ఏప్రిల్ 1 నుండి, భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రానికి వర్తించింది. కాబట్టి సర్కారు జిల్లాల నుండి వచ్చిన మన మిత్రుల తాతలకు 352వ సెక్షన్ పరిచయమైన చాలా కాలానికి గాని తెలంగాణ మిత్రుల తండ్రులకు పరిచయం కాలేదు. ఆ 352 కింద శిక్ష మూడు నెలల జైలు లేదా 500 రూపాయల జరిమానా లేదా రెండూ. ఎదుటివాడు హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొట్టగా చేయి చేసుకుంటే 358 కింద నెల రోజులు లేదా 200 రూపాయలు. మన కరువు భత్యం ఎన్నిసార్లు పెరిగినా ఆ 500 మాత్రం 162 ఏళ్లు అక్కడే కూర్చుంది.

జల్లెడ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే సుప్రీంకోర్టు తీర్పులు రెండు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది 1966 నాటి బొంబాయి కేసు, వీదా మెనెజెస్ వర్సెస్ యూసుఫ్ ఖాన్. ఇరుగుపొరుగు తగాదాలో ఒకాయన కాగితాల ఫైలు ఒకటి విసిరాడు. అది గురిపెట్టిన మనిషికి కాక ఆయన భార్య మోచేతికి తగిలి గీరుకుంది. సుప్రీంకోర్టు దాన్ని 95 కింద వదిలేసింది. అయితే గీత చిన్నది కనుక వదిలేశామని మాత్రమే అనలేదు. హాని స్వభావం, ఇరుపక్షాల స్థానం, చేసినవాడి ఉద్దేశం, చుట్టూ ఉన్న పరిస్థితులు అన్నీ చూడాలని చెప్పింది.

రెండోది మనందరం పత్రికలలో చదివినదే. 1988 జూలైలో చండీగఢ్‌లో ఒక విందులో పంజాబు పోలీసు డైరెక్టర్ జనరల్ కె.పి.ఎస్. గిల్ తన వెనుక భాగంపై చరిచాడని ఐఏఎస్ అధికారిణి రూపన్ దేవల్ బజాజ్ ఫిర్యాదు చేసింది. హైకోర్టు 1989లో ఇది 95వ సెక్షన్ కిందికి వచ్చే స్వల్ప విషయమని కేసు కొట్టివేసింది. 1995 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే పనికి ఆ జల్లెడ వర్తించదని చెప్పింది. 1996లో నేరం రుజువైంది, 2005లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయపరచింది.

మొదటి కేసులో ఒంటి మీద గీత పడింది, నేరం కాలేదు. రెండో కేసులో గీత పడలేదు, నేరమయింది. నా దృష్టిలో రెండు తీర్పులూ సరైనవే. చిన్నదా పెద్దదా అన్నది చర్మం మీద కొలిచేది కాదు.

ఇక మన జిల్లాల సంగతి. 1985 జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులు తాగే నీటి చెరువు దగ్గర తగాదా వచ్చింది. నీళ్లు పాడుచేయవద్దన్నందుకు దెబ్బలు పడ్డాయి. తన మీదికి వచ్చిన దెబ్బను ఆపడానికి ఒక దళిత స్త్రీ చేతిలో ఉన్న బిందె పైకెత్తింది. మర్నాడు పల్లె మీద దాడి జరిగింది, ఆరుగురు దళితులు చనిపోయారు. 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు అగ్రవర్ణ యువకుడికి తగిలింది. తగిలిందని చెప్పి క్షమాపణ కూడా అడిగాడంటారు. అక్కడి నుండి కొట్లాట, సాంఘిక బహిష్కరణ, చివరికి ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

సినిమా హాల్లో కాలు తగలడంకంటే స్వల్పమైనది ఇంకేముంటుంది? దిల్‌సుఖ్‌నగర్ కోణార్క్ టాకీసులో మన కాళ్లు ఎన్నివందలసార్లు ఎవరికి తగలలేదు? మెకాలే జల్లెడలో అది మొదటి క్షణంలోనే జారిపోవాలి. కాని ఆ హాల్లో కొందరి మనసులో పాత ధరల పట్టికే ఉంది. కాలు ఎవరిది, తగిలినది ఎవరికి అన్న లెక్క చూసుకున్నారు. మామూలు ఇంగితం ఉన్న మనిషి అన్న మాట చట్టంలో రాయడం తేలిక. ఎవరి ఇంగితం అన్నదే ప్రశ్న. బలవంతుడికి తగిలిన కాలు అవమానం, బలహీనుడి మీద పడిన చెయ్యి సరదా అయిపోతే జల్లెడ తిరగబడినట్లే. కారంచేడు వంటి ఘటనల దరిమిలా పార్లమెంటు 1989లో షెడ్యూల్డు కులాల, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. ఎవరు ఎవరిని అన్నది చూసి, ఈసారి బలహీనుడి వైపు నుండి బరువు తూచిన చట్టమది.

సరదా అన్న మాట వచ్చింది కనుక కాలేజీలను తలచుకోవాలి. చైతన్యపురి, కొత్తపేట చుట్టూ కోచింగు సెంటర్లు, హాస్టళ్లు పుట్టగొడుగుల్లా లేచిన ప్రాంతం మనది. సీనియర్లు జూనియరు టోపీ లాగడం, వంగోబెట్టడం, చెంప మీద మెల్లగా తట్టడం ఎప్పటినుండో అలవాటుగా సాగింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో ర్యాగింగు నిషేధ చట్టం చేసింది. అది మెట్లు కట్టిన తీరు మెచ్చుకోదగినది. ఏడిపించి అవమానిస్తే ఆరు నెలలు, దౌర్జన్యమో బలప్రయోగమో చేస్తే ఏడాది, నిర్బంధించినా గాయపరచినా రెండేళ్లు, తీవ్రగాయమైతే అయిదేళ్లు. మామూలు చట్టంలో మూడు నెలలున్న పనికి ఇక్కడ ఏడాది. కొత్తగా ఊరికి వచ్చి ఎదురు చెప్పలేని పిల్లవాడి మీద వేసిన చెయ్యి కాబట్టి. బడిలో బెత్తానికి కూడా ఇదే గతి పట్టింది. రాష్ట్ర ప్రభుత్వం 2002లో నిషేధించింది, 2009 విద్యాహక్కు చట్టం దేశమంతటా నిషేధించింది. మన సంఘంలోని ఉపాధ్యాయ మిత్రులకు ఇది రుచించదని తెలుసు, అయినా రాస్తున్నాను.

ఉద్యోగులకు సంబంధించిన మెట్టు ఇంకొకటి ఉంది. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడానికి ఇదే తోపు తోస్తే 353వ సెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష. పోలీసులు వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. అంటే రిటైరయ్యే రోజు సాయంత్రం అయిదు వరకు మన చొక్కా విలువ రెండేళ్లు. మర్నాటి ఉదయం నుండి అదే చొక్కా మూడు నెలలు. పెన్షనులో కోత పడిందని బాధపడేవారు ఈ కోతను గమనించినట్లు లేదు.

2024 జూలై 1 నుండి భారత న్యాయ సంహిత వచ్చి పాత స్మృతి పోయింది. నిర్వచనాలు దాదాపు అవే, నంబర్లు మారాయి. దౌర్జన్యం నిర్వచనం 130, శిక్ష 131. మూడు నెలలు అలాగే ఉన్నాయి, జరిమానా 500 నుండి 1000 అయింది. స్వల్పహాని జల్లెడ 95 నుండి 33కు వెళ్లింది. పాత వకీళ్లను తికమకపెట్టే తమాషా ఒకటుంది. పాత 352 అంటే చేయి చేసుకోవడం. కొత్త 352 అంటే కావాలని అవమానించి రెచ్చగొట్టడం, అదీ రెండేళ్లు. మరో సంగతి మాత్రం తమాషా కాదు. కొత్త సంహిత మొదటిసారి సమాజసేవను శిక్షగా తెచ్చింది. అయిదు వేలలోపు చిన్న దొంగతనానికి, తాగి వీధిలో అల్లరి చేసినందుకు, పరువునష్టానికి దాన్ని పెట్టారు. దౌర్జన్యానికి పెట్టలేదు. పక్కింటివాడి చొక్కా పట్టుకున్నవాణ్ణి జైలుకు పంపితే ఎవరికీ లాభం లేదు, వెయ్యి రూపాయలతో వదిలితే వాడికి బరువు లేదు. నాలుగు ఆదివారాలు కాలనీ పార్కు ఊడిపిస్తే బాగుండేది. ఈ అవకాశాన్ని చట్టం రాసినవారు వదులుకున్నారని నా అభిప్రాయం.

కాబట్టి చిన్న తోపును నేరాల జాబితా నుండి తీసేయాలనేవారితో నేను ఏకీభవించను. తీసేస్తే బలవంతుడికి అనుమతి పత్రం ఇచ్చినట్లవుతుంది. అలాగని ప్రతి తోపుకు పోలీసులు పరుగెత్తాలనీ అనను, చట్టం కూడా అనలేదు. ఇది పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేసే నేరం కాదు. స్టేషనులో రాసుకుని మిమ్మల్ని మెజిస్ట్రేటు దగ్గరకు పంపుతారు. నేరుగా మెజిస్ట్రేటుకు ప్రైవేటు ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు. ఏడాది లోపల ఇవ్వాలి, ఆ తరువాత గడువు మీరిపోతుంది. మధ్యలో రాజీ పడాలనుకుంటే కోర్టు అనుమతి కూడా అక్కరలేదు, దెబ్బతిన్నవారు సరేనంటే చాలు.

ఒక మెజిస్ట్రేటు కోర్టులో నేను బెంచి గుమాస్తాగా ఉన్నప్పుడు నీళ్ల ట్యాంకరు దగ్గర పొడిచిన వేలు ఒకటి ఆరేళ్లు నడిచింది. ఇద్దరూ అరవై దాటినవారు, ఒకే గోడకు ఇటూ అటూ ఇళ్లు. వాయిదాకు ఒకే ఆటోలో వచ్చేవారు, వేరు వేరు బెంచీల మీద కూర్చునేవారు. లోక్ అదాలత్‌లో జడ్జిగారు ఒక్కటే అడిగారు, ఏం కావాలని. పదిమందిలో పొడిచాడు కాబట్టి పదిమందిలో తప్పని చెప్పాలన్నాడు ఫిర్యాది. చెప్పాడు. పావుగంటలో అయిపోయింది. ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల ప్రాంగణంలో కూడా లోక్ అదాలత్ జరుగుతుంటుంది. కోర్టు ఫీజు ఉండదు. అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు.

చివరగా, సభలో ఎవరూ అడగని, సభ అయ్యాక మెట్ల దగ్గర మెల్లగా అడిగే ప్రశ్న ఒకటుంది. తోసింది బయటివాడు కాదు, కొడుకో అల్లుడో. ఆ తోపు కూడా 131 కిందకే వస్తుంది. తల్లికైతే 2005 గృహహింస చట్టం ఉంది, అందులో శారీరక హింస అంటే దౌర్జన్యం, బలప్రయోగం కూడా అని స్పష్టంగా రాసి ఉంది. రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, జైలు ప్రసక్తి ముందుగా రాదు. పోషణ విషయమైతే 2007 వృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. అక్కడ వకీలు అవసరం లేదు, అసలు వకీలు హాజరు కాకూడదనే ఉంది. ఫోనులో మాట్లాడదలచినవారికి ఎల్డర్ లైను నంబరు 14567. అర్జీ రాయడంలో సాయం కావలసినవారు సంఘం ఆఫీసుకు సాయంత్రం వేళ వస్తే నేను రాసిపెడతాను. పేరు ఎవరికీ చెప్పను.